"దారి చూపించండి" అన్నాడు రివ్యూయర్. ఎవరికి, ఎట్టా?

విడవలూరు వనామీ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది విడవలూరు పక్కన పల్లె. రొయ్యల గుంటల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నాలుగు నెలలు కూర్చుని ఇంగ్లీషులో ఒక పేపర్ రాసి జర్నల్‌కు పంపితే మొన్న తిరిగొచ్చింది. వద్దనలేదు, మార్చి పంపమన్నారు. రివ్యూయర్లు, అంటే జర్నల్ తరఫున పేపర్ చదివి బాగోగులు చెప్పేవాళ్లు, ఇద్దరు. మొదటాయన లెక్కలు అడిగాడు, అవి నేను చూసుకుంటా. రెండో ఆయన అన్న మూడు మాటలు మాత్రం నిద్ర పట్టనివ్వడం లేదు.

మొదటిది, "రచయిత నన్ను ఎక్కడికి తీసుకుపోతున్నాడో తెలియడం లేదు, చదివేవాళ్లకు దారి చూపించండి" అని. రెండోది, "ఇంత గట్టిగా చెప్పడానికి మీ ఆధారం చాలదు" అని. మూడోది, "రచయిత ఒక్కరే కదా, ఈ 'వుయ్' ఎవరు?" అని.

గ్రామర్ తప్పు ఒక్కటీ పట్టలేదు. అదే ఇంకా టెన్షన్. గ్రామర్ తప్పయితే దిద్దుకుంటా, ఇదేం తప్పో నాకు తెలియదు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మనలాంటోళ్లు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎక్కడ తేడా కొడుతుందో తెలిసినోళ్లు చెప్పండి.

ట్రంకురోడ్డు టీబంకు | సోమవారం, రాత్రి 9:58

దారి చూపించాలంటే గూగుల్ మ్యాప్ లింకు పెట్టు తమ్ముడూ. గుంట కాడికి ఆయన్నే రమ్మను, రెండు కిలోలు పట్టి పంపుదాం.

మూలపేట మేడమ్ | సోమవారం, రాత్రి 10:31

ఆ జోకులు ఉండనీ. బాబూ, నువ్వడిగింది చాలామందికి తగిలే దెబ్బ. నేను డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను, నా పరిశోధన కూడా దీనికి దగ్గరదే.

కావలి బస్సు ఎక్కావనుకో. బండిని నడిపేది డ్రైవరు. కానీ "కోవూరు దిగేవాళ్లు ముందుకు రండి", "ఇక్కడ పది నిమిషాలు ఆగుతుంది, టీ తాగేవాళ్లు తాగండి" అని అరిచేది కండక్టరు. ఆయన అరుపుల వల్ల బస్సు ఒక్క అడుగు కూడా ముందుకు పోదు. అయినా ఆయన నోరు మూసుకుంటే సగంమంది దిగాల్సిన చోట దిగరు. రాతలో ఆ కండక్టరు మాటలకే మెటాడిస్కోర్స్ అని పేరు. విషయం గురించి కాకుండా, ఆ విషయాన్ని చెబుతున్న తీరు గురించీ, చదువుతున్న మనిషి గురించీ రాసే మాటలన్నమాట.

కెన్ హైలాండ్ అనే ఆయన 2005లో దీని మీద పుస్తకమే రాశాడు. ఆయన లెక్కలో ఇవి రెండు రకాలు. కొన్ని దారి చూపిస్తాయి: "అయితే", "కాబట్టి", "ముందుగా", "పై పట్టికలో చూసినట్టు", "అంటే" లాంటివి. కొన్ని చదివేవాడితో మాట కలుపుతాయి: "బహుశా", "నిస్సందేహంగా", "ఆశ్చర్యమేమిటంటే", "గమనించండి", "నేను". మీ రివ్యూయర్ మొదటి మాట మొదటి రకం గురించి. మిగతా రెండూ రెండో రకం గురించి. కాబట్టి ఆయన తిట్టింది నీ ఇంగ్లీషును కాదు. బండిలో కండక్టరు లేడంటున్నాడు, అంతే.

నీ పేపర్లో ఒక పేరా ఇక్కడ పెట్టు. తెలుగులో చెప్పినా చాలు.

విడవలూరు వనామీ | సోమవారం, రాత్రి 11:15

థాంక్స్ మేడమ్. నేను రాసింది తెలుగులోకి దించితే ఇట్టా ఉంటుంది:

"కార్తీక మాసం వానలకు మబ్బు పట్టిన రోజుల్లో గుంటల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయింది. రొయ్యలు మేత తగ్గించాయి. చెక్ ట్రేలలో మేత మిగిలిపోయింది. ఆక్సిజన్ పడిపోవడం వల్లే మేత తగ్గిందని మేము నిరూపించాం."

తెలియనివాళ్లకు చిన్న మాట. చెక్ ట్రే అంటే రొయ్యలు మేత తిన్నాయా లేదా చూసే పళ్లెం. పగలు నాచు ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారకముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా తక్కువ. పగలు మబ్బేస్తే తయారయ్యేదే తక్కువ కాబట్టి ఆ రాత్రి ఇంకా కష్టం. ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే రైతు గుండె కూడా ఆగుతుంది.

ఒంగోలు గిత్త | మంగళవారం, ఉదయం 6:20

నాకు ఒళ్లు మండుతోంది. విషయం ఉందా లేదా? లెక్క సరిగ్గా ఉందా లేదా? అది చూడాలి గానీ "నన్ను చెయ్యి పట్టుకుని నడిపించు" అనడమేంది? చదివేవాడికి బుర్ర ఉండదా? ఇదంతా ఇంగ్లీషోళ్ల పెత్తనం. 1966లో రాబర్ట్ కాప్లాన్ అనే అమెరికా ఆయన బొమ్మలే గీశాడు. ఇంగ్లీషోడి ఆలోచన తిన్నని గీత అంట, తూర్పు దేశాల వాళ్లది చుట్టలు చుట్టలుగా తిరిగే గీత అంట, రష్యా వాళ్లదీ ఫ్రెంచి వాళ్లదీ పక్కదారులు పట్టే గీతలంట. అంటే మనం జిలేబీలం, వాళ్లు స్కేళ్లు. దాన్నే ఇప్పటికీ పాఠంగా చెబుతున్నారు. మీరు కూడా అదే చెబుతున్నారు మేడమ్, కాస్త తియ్యగా.

మూలపేట మేడమ్ | మంగళవారం, ఉదయం 7:45

కోపం సగం న్యాయమే. కాప్లాన్ ఆ బొమ్మలు గీసింది ఇంగ్లీషు నేర్చుకుంటున్న విదేశీ విద్యార్థుల వ్యాసాలు చూసి. వాళ్లు సొంత భాషలో ఎలా రాస్తారో చూడలేదు. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాడి తడబాటును వాడి సంస్కృతి ఖాతాలో రాసేస్తే ఎలా? ఆ విమర్శలు వచ్చాక, తను మరీ గట్టిగా చెప్పానని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. కాబట్టి జిలేబీని పక్కన పెట్టు.

కానీ తేడా అసలు లేదనడం కూడా తప్పే. 1987లో జాన్ హైండ్స్ అనే ఆయన ఇంకో రకంగా అడిగాడు: రాసింది అర్థం కాకపోతే తప్పు ఎవరిది? ఇంగ్లీషులో అయితే రాసినవాడిది. జపనీస్‌లో ఆ బరువు ఎక్కువగా చదివేవాడి మీద ఉంటుందన్నాడు. వాళ్లకు పాతకాలం నుంచి నాలుగు మెట్ల రచన ఒకటి ఉంది: ఎత్తుకోవడం, పెంచడం, ఉన్నట్టుండి మలుపు తిప్పడం, ముగించడం. ఆ మూడో మెట్టు దగ్గర ఇంగ్లీషు పాఠకుడు "ఇదెక్కడి నుంచి వచ్చింది?" అని తల పట్టుకుంటాడు. జపాన్ పాఠకుడికి అదే రుచి.

ఇది తూర్పు, పడమర గొడవ కూడా కాదు. ఫిన్లాండ్ యూరప్‌లోనే కదా ఉంది. అన్నా మౌరానెన్ 1993లో ఆర్థికశాస్త్రం పేపర్లు పోల్చి చూస్తే, ఇంగ్లీషు సొంత భాష అయినవాళ్ల కంటే ఫిన్లాండ్ వాళ్లు ఈ కండక్టరు మాటలు బాగా తక్కువ వాడుతున్నారని తేలింది. తెలివైనవాడికి అన్నీ విడమరిచి చెప్పడం మర్యాద కాదని వాళ్ల భావన. అంటే నువ్వన్న మాటే గిత్తా. నీలో ఫిన్లాండ్ రక్తం ఉన్నట్టుంది.

ఒంగోలు గిత్త | మంగళవారం, ఉదయం 7:52

హహ. సరే, కాస్త చల్లబడ్డా.

రైన్ ఒడ్డున నెల్లూరోడు | మంగళవారం, మధ్యాహ్నం 1:10

జర్మనీ నుంచి. పొగతోటలో పెరిగి ఇక్కడికొచ్చి పదకొండేళ్లు. ఇంజనీరింగ్ పేపర్లు రెండు భాషల్లోనూ చదవాలి నేను. ఇక్కడి పాత పుస్తకాల్లో మధ్యలో ఆపేసి పక్క విషయంలోకి పోయి, నాలుగు పేజీల తర్వాత తీరిగ్గా వెనక్కి వస్తారు. దానికి 'ఎక్స్‌కుర్స్' అని పేరు పెట్టి మరీ పోతారు. మైకేల్ క్లైన్ దీని మీద 1987లో రాశాడు: ఇంగ్లీషు పాఠకుడికి గందరగోళంగా కనపడేది జర్మన్ పాఠకుడికి లోతుగా కనపడుతుందని.

నా అనుభవం దీనికి తలకిందులు. ఇక్కడ మొదటి రిపోర్టు రాసేటప్పుడు ఇంగ్లీషు పుస్తకం చూసి "ముందుగా ఇది చెబుతాను, తర్వాత అది చెబుతాను" అని పేజీ నిండా పెట్టా. మా ముసలి ప్రొఫెసర్ ఆ పేజీ మొత్తం కొట్టేసి, "చెబుతానని చెప్పడం ఎందుకు, చెప్పు" అన్నాడు. ఇప్పటి కుర్రకారు ఇక్కడ కూడా ఇంగ్లీషు పద్ధతికే వచ్చేశారనుకోండి. చెప్పొచ్చేదేమంటే వనామీ తమ్ముడూ, ముందు ఆ జర్నల్‌లో నాలుగు పేపర్లు తీసుకుని విషయం వదిలేసి కండక్టరు మాటలు మాత్రం గీతలు కొట్టుకుంటూ చదువు. వాళ్ల ఊరి అలవాటు తెలుస్తుంది.

అద్దంకి పంతులు | మంగళవారం, సాయంత్రం 5:05

రిటైరైన తెలుగు పండితుణ్ణి. మనవడు ఫోన్లో చూపిస్తే చదివాను. రెండు మాటలు చెప్పి పోతా. (రెండంటే రెండు కావు, ముందే చెబుతున్నా.)

మనవాళ్లకు పాఠకుడికి దారి చూపడం రాదనే మాట ఎవరన్నా ఒప్పుకోకండి. శాస్త్రగ్రంథం ఎత్తుకోగానే నాలుగు సంగతులు చెప్పాలి: దీంట్లో ఏముంది, దీనివల్ల ప్రయోజనం ఏమిటి, ఆ రెంటికీ సంబంధం ఏమిటి, దీన్ని చదవాల్సింది ఎవరు. అనుబంధ చతుష్టయం అంటారు. "అథ" అంటే మొదలైందని, "ఇతి" అంటే అయిపోయిందని. ఇక మీమాంసలో, అంటే వేదవాక్యాల అర్థం తేల్చే శాస్త్రంలో, ఒక్కో అధికరణానికి (ఒక్కో చర్చకు) అయిదు అంగాలు: విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి. ఈ సంగతి అంటే ఏమిటో తెలుసా? ముందు చెప్పినదానికీ ఇప్పుడు చెప్పేదానికీ ఉన్న ముడి. మీ రివ్యూయర్ అడుగుతున్నది అచ్చంగా అదే. మనం రోజూ వీధిలో "ఏం సంగతి?" అంటూనే ఉంటాం, కాగితం మీద మాత్రం మరిచిపోతాం.

పూర్వపక్షం ఇంకా గొప్పది. పాఠకుడికి రాబోయే సందేహాన్ని వాడికంటే ముందే "అలా కాదా?" అని అడిగి, "అంటావేమో, కాదు" అని జవాబిస్తారు. "ఇతి చేత్, న" అని మూడు ముక్కల్లో. చదివేవాణ్ణి గుడ్డిగా నడిపించడం కాదది, ఎదురుగా కూర్చోబెట్టుకుని వాదించడం.

కావ్యంలోకి వద్దాం. అవతారికలో, అంటే కావ్యం ముందుమాటలో, ముందు ఇష్టదేవతా స్తుతి, తర్వాత సుకవి స్తుతి, ఆ తర్వాత కుకవి నింద. మా మనవడు బెంగుళూరులో చదువుతున్నాడు, వాడి థీసిస్ మొదటి అధ్యాయం చూపించాడు. ముందు గైడుకు దండాలు, తర్వాత పెద్ద పరిశోధకుల పొగడ్త, ఆ తర్వాత "అయితే వీరెవరూ ఈ కోణం చూడలేదు" అని నింద. ఒరేయ్, ఇది మన అవతారికే కదరా అన్నాను.

మూలపేట మేడమ్ | మంగళవారం, సాయంత్రం 6:30

పంతులుగారూ, నమస్కారం. రేపటి క్లాసులో కుకవి నింద మాట నేను వాడేసుకుంటా. 1990లో జాన్ స్వేల్స్ ఇంగ్లీషు పేపర్ల ముందుమాటకు గీసిన నమూనా కూడా దాదాపు ఇదే, మూడు అడుగులు. మన భాషలో చెప్పాలంటే ముందు ఆయకట్టు చూపించు, అందులో బీడు పడిన చెక్క చూపించు, తర్వాత నీ నాగలి దించు. వనామీ బాబు పేపర్లో నాగలి ఉంది గానీ బీడు ఎక్కడుందో చెప్పలేదు.

ఒక్క చోట మీతో విభేదిస్తా. ఆ పద్ధతులన్నీ పక్కన గురువు ఉండి చెప్పుకునే చదువు కోసం. సూత్రం రెండు మాటల్లో ఉన్నా ఫరవాలేదు, భాష్యం చెప్పేవాడు ఉన్నాడు కాబట్టి. ఈ పేపర్ చదివేవాడి పక్కన ఎవరూ లేరు. భాష్యం కూడా కాగితంలోనే ఉండాలి.

అద్దంకి పంతులు | మంగళవారం, సాయంత్రం 7:02

ఒప్పుకున్నా తల్లీ. మంచి మాట.

ట్రంకురోడ్డు టీబంకు | మంగళవారం, రాత్రి 8:15

నేను చదువుకోలేదు గానీ బుర్రకథలు బాగా చూశా. కథకుడు గుక్క తిప్పుకోగానే పక్కనున్న వంతగాడు "ఆహా, అప్పుడేమైంది?" అంటాడే, వాడే కదా మీరంటున్న కండక్టరు?

మూలపేట మేడమ్ | మంగళవారం, రాత్రి 8:40

నూటికి నూరు మార్కులు. జోకులేసేవాళ్లలోంచి మిమ్మల్ని తీసేస్తున్నా. మన కథల్లో వినేవాడు కథలోపలే ఉంటాడు. భారతంలో వైశంపాయనుడు చెబుతుంటే జనమేజయుడు అడుగుతూనే ఉంటాడు. కాగితం మీదికి వచ్చేసరికి వంతగాణ్ణి ఇంట్లో వదిలేసి వస్తున్నాం.

చీమకుర్తి నల్లరాయి | మంగళవారం, రాత్రి 9:30

జియాలజీ నాది, గ్రానైట్ క్వారీల మీద. ఆ 'వుయ్' సంగతి ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేను అందుకుంటా. ఇంగ్లీషులో ఒక్కటే 'వుయ్'. మనకు రెండున్నాయి, మేము, మనం. "మేము కొలిచాం" అంటే నువ్వు లేవు, మా బృందమే. "మనం ఈ పటంలో చూస్తే" అంటే నువ్వూ నేనూ కలిసి. తమ్ముడు ఒక్కడే రచయిత కాబట్టి "వుయ్ మెజర్డ్" తప్పు, ఎందుకంటే అది 'మేము'. "ఇక్కడ వుయ్ కెన్ సీ" మాత్రం తప్పు కాదు, అది 'మనం'. రాసేటప్పుడు మనసులో తెలుగు చేసుకుని చూడు. మేము వస్తే 'ఐ' పెట్టు, మనం వస్తే 'వుయ్' ఉంచు.

తెలుగు థీసిస్‌లలో ఇంకో పీడ ఉంది. "ఈ పరిశోధకునిచే పరిశీలించబడినది." నేను అనడానికి సిగ్గు. మన నోట్లో ఎవడైనా "అన్నం నాచే తినబడినది" అంటాడా?

అద్దంకి పంతులు | బుధవారం, ఉదయం 5:40

నేను అనకపోవడం అన్నివేళలా పిరికితనం కాదు. ఎర్రన అరణ్యపర్వంలో మిగిలిన భాగం పూర్తి చేసి, తన పేరు ముందుకు తోసుకోకుండా, నన్నయే రాసినట్టుగా రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. అద్దంకి రెడ్ల ఆస్థానకవి, తన రాజును పెట్టుకోవచ్చు, పెట్టుకోలేదు. అది వినయం. "బడినది" మాత్రం వినయం కాదు, నువ్వన్నట్టు పీడే.

విడవలూరు వనామీ | బుధవారం, మధ్యాహ్నం 2:20

అందరికీ దండాలు. రాత్రంతా కూర్చుని తిరగరాశా. రెండో మాట ఇంకా తేలలేదు. "ఆధారం చాలదు" అన్నాడు కదా. నాకు మబ్బు ఉంది, ఆక్సిజన్ లెక్క ఉంది, మిగిలిన మేత ఉంది. మూడూ ఒకే రోజుల్లో. ఇంకేం కావాలి? ప్రతిచోటా "కావచ్చు, కావచ్చు" అని రాస్తే పిరికోడిలా ఉండదా?

మూలపేట మేడమ్ | బుధవారం, మధ్యాహ్నం 3:05

నువ్వు పెట్టిన పేరాలో "వల్లే" అన్న మాట మళ్లీ చూడు. అందులో ఒక చిన్న ఏకారం ఉంది. మన నోటికి అది గాలిలా వచ్చేస్తుంది, పెద్దగా బరువు ఉండదు. ఇంగ్లీషులోకి పోగానే అది "ఓన్లీ" అనో "సోల్లీ" అనో అయి కూర్చుంటుంది. నీ పేపర్లో "సోల్లీ" అని ఉందా లేదా చూసి చెప్పు.

విడవలూరు వనామీ | బుధవారం, మధ్యాహ్నం 3:11

ఉంది మేడమ్. మూడు చోట్ల.

మూలపేట మేడమ్ | బుధవారం, మధ్యాహ్నం 3:40

అనుకున్నా. ఇప్పుడు ఆలోచించు. వాన పడితే ఆక్సిజన్ ఒక్కటే తగ్గుతుందా? నీళ్లు చల్లబడవా? ఉప్పు పలచబడదా? మబ్బు చూడగానే రైతు తనే మేత తగ్గించి వెయ్యడా? ఇన్ని ఉండగా "దీనివల్లే" అంటే ఎవడు ఒప్పుకుంటాడు?

"కావచ్చు" అనడం పిరికితనం కాదు, తూకం. మన భాషలో ఆ తూకపురాళ్లు ఎన్ని ఉన్నాయో చూడు. "వచ్చాడు" అంటే చూశాను. "వచ్చాడట" అంటే ఎవరో చెప్పారు. "వచ్చాడు కాబోలు" అంటే చెప్పులు చూసి ఊహించా. "వచ్చాడేమో" అంటే నాకూ తెలియదు. పల్లెలో చదువు రాని ముసలమ్మ కూడా ఈ నాలుగూ కలగలపదు. మనం ఇంగ్లీషు రాయడం మొదలుపెట్టగానే నాలుగూ ఒక్కటే అయిపోతాయి.

ఇంకోటి. మనకు ఈ తూకం వాక్యం చివర వస్తుంది. "...వల్ల అయి ఉండవచ్చని అనిపిస్తోంది" అని క్రియ దగ్గర. ఇంగ్లీషులో ముందే వస్తుంది, "మే" అనో "సజెస్ట్" అనో. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవాడు చివరిదాకా రాకముందే వాక్యం ముగించేస్తాడు, తూకం జారిపోతుంది. నా పిల్లల పేపర్లలో ఏటా చూస్తున్నా.

చీమకుర్తి నల్లరాయి | బుధవారం, సాయంత్రం 4:25

మేడమ్, దీనికి రెండోవైపు కూడా ఉంది. తెలుగు వ్యాసాల్లో ప్రతి వాక్యం చివర "అని చెప్పవచ్చు" తగిలిస్తారు. "తిక్కన గొప్ప కవి అని చెప్పవచ్చు." ఇది తూకమా, ఊతపదమా? దాని పక్కనే "అనడంలో అతిశయోక్తి లేదు". రెండూ కలిపితే సున్నా.

మూలపేట మేడమ్ | బుధవారం, సాయంత్రం 5:00

ఊతపదమే. అనుమానం లేని చోట పెట్టిన "కావచ్చు" తూకం కాదు. ఈ మాటలు రంగాన్ని బట్టి కూడా మారతాయి. హైలాండ్ ఎనిమిది శాస్త్రాల నుంచి 240 పేపర్లు తీసుకుని చూస్తే, తత్వశాస్త్రం, సమాజశాస్త్రం లాంటి వాటిలో రచయిత గొంతు ఎక్కువగా వినిపించింది, భౌతికశాస్త్రం, ఇంజనీరింగ్‌లో తక్కువ. అక్కడ మీటరే మాట్లాడుతుంది కదా. రొయ్యల పేపర్‌కు తత్వశాస్త్రమంత కండక్టరు అక్కర్లేదు.

అడ్మిన్ | బుధవారం, సాయంత్రం 6:10

చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వెయ్యాలనే 23 మెసేజ్‌లు వంటల విభాగానికి మార్చాను. ఇక్కడ మళ్లీ మొదలుపెట్టొద్దు, ముఖ్యంగా టీబంకు అన్న.

విడవలూరు వనామీ | గురువారం, రాత్రి 10:05

కొత్త పేరా. తెలుగులో:

"మబ్బు రోజుల్లో రొయ్యలు మేత తగ్గిస్తాయని రైతులకు తెలుసు. ఎందుకన్నది మాత్రం ఈ తీరపు గుంటల్లో ఎవరూ కొలిచి చూడలేదు. ఈ పేపర్లో నేను మొదట తెల్లవారుజాము ఆక్సిజన్‌ను, తర్వాత చెక్ ట్రేల్లో మిగిలిన మేతను చూపిస్తాను. రెండో పట్టికలో మనం చూసినట్టు, ఆక్సిజన్ తగ్గిన రోజుల్లోనే మేత కూడా ఎక్కువ మిగిలింది. నీళ్లు చల్లబడటం వల్ల కాదా అనవచ్చు. చల్లబడినా ఏరియేటర్లు రాత్రంతా తిరిగిన గుంటల్లో మేత అంతగా మిగల్లేదు. కాబట్టి ఆక్సిజన్ తగ్గడం ఒక ముఖ్య కారణం అయి ఉండవచ్చు. ఉప్పు ప్రభావాన్ని నేను వేరు చేసి చూడలేదు."

"చల్లబడటం వల్ల కాదా అనవచ్చు" పంతులుగారిది. 'మనం' నల్లరాయి అన్నది. బీడు మేడమ్‌ది.

అద్దంకి పంతులు | శుక్రవారం, ఉదయం 5:30

పూర్వపక్షం కుదిరింది. "రోజుల్లోనే" అన్న చోట ఏకారం మళ్లీ దూరింది చూసుకో.

ఒంగోలు గిత్త | శుక్రవారం, ఉదయం 8:15

బాగుందని ఒప్పుకుంటున్నా. కానీ నా గొడవ నాకుంది. మొదటి రాత నాలుగు వాక్యాలు, ఇది ఎనిమిది. విషయం పెరగలేదు, మాటలు పెరిగాయి.

రైన్ ఒడ్డున నెల్లూరోడు | శుక్రవారం, మధ్యాహ్నం 12:40

పెరిగింది గిత్తా. ఏరియేటర్లు తిరిగిన గుంటల సంగతి మొదటి రాతలో లేదు. కాదా అనవచ్చు అని తనను తాను అడుక్కున్నాకే ఆ లెక్క బయటికి తీశాడు.

విడవలూరు వనామీ | ఆదివారం, రాత్రి 9:20

శుక్రవారం రాత్రి పంపేశా, పంతులుగారు చెప్పిన ఏకారం తీసేసి. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు.

ఈలోపు ఇంకోటి జరిగింది. ఈ పొద్దున మా ఊళ్లో రైతుల మీటింగ్‌లో ఇదే చెప్పమన్నారు. నేర్చుకున్నది ఊరికే పోనివ్వడమెందుకని ఆయకట్టు, బీడు, నాగలి, పూర్వపక్షం అన్నీ వరసగా పెట్టి తెలుగులో రాసుకుని పోయా. రెండో నిమిషంలో వెనకనుంచి మా బాబాయి లేచాడు. "ఒరే అబ్బయ్యా, మబ్బేసిన రోజు రాత్రి ఏరియేటర్ వెయ్యాల్నా, వద్దా? ముందు అది చెప్పు, మిగతాది టీ తాగేటప్పుడు వింటాం."

వెయ్యాలి బాబాయ్ అన్నా. "వెయ్యవచ్చునేమో" అని ఉంటే కర్ర తీసుకునేవాడు.

ట్రంకురోడ్డు టీబంకు | ఆదివారం, రాత్రి 9:31

రెండో వంతగాడు దొరికాడు. కరెంటు పోతే ఏం చెయ్యాలో అడిగాడా?

విడవలూరు వనామీ | ఆదివారం, రాత్రి 9:34

అడిగాడన్నా. డీజిల్ డబ్బులు ఎవరిస్తారని కూడా అడిగాడు. దానికి నా పేపర్లో పట్టిక లేదు.